విప్పిన కుట్లు

నదికి ఇవతల బ్రాంట్లీ కాలేజీ, అవతల సెయింట్ ఓడిల్.
వంతెన దిగితే నా కుట్టుపని కొట్టు.
నా పేరు ఆర్డిత్ క్లూసెనర్.
నలభై ఒక్క ఏళ్లుగా
రెండు జిమ్ముల కప్పులకు వేలాడే జెండాలు
ఒకే మిషను మీద కుడుతున్నాను.

మార్చి వస్తే చాలు
నోలా హోటల్లో పెన్సిళ్లు బయటికొస్తాయి.
కాగితపు రుమాళ్ల మీద బాస్కెట్‌బాల్ పద్దులు.
"మావి ఏడు, మీవి అయిదు" అంటాడు డెల్మర్ రస్ట్.
"మొదటి రెండూ ఎనిమిది జట్లే ఆడిన కాలానివి,
అవీ ఒక లెక్కేనా?" అంటాడు వెర్నన్ టాకెట్.
"పోనీ ముఖాముఖి చూడు, నూట పన్నెండు మావి."
"మా కుర్రాళ్లు యుద్ధంలో ఓడలెక్కి ఉండగా
మీరు గెలిచినవి తీసేసి చెప్పు."
ఒకడు తీసేస్తాడు, ఇంకొకడు కలుపుతాడు,
కాకి లెక్కలు.
నోలా కాఫీ పోస్తూ ఎటూ తల ఊపదు,
రెండు ఒడ్ల నుంచీ టిప్పు రావాలి కదా.
వెర్నన్ కొడుకు ఓర్విన్ మాత్రం
ఆ బల్ల దగ్గరే కూర్చుని, ఎప్పుడూ నోరు విప్పడు.

నన్నడిగితే గజాల్లో చెబుతాను.
బ్రాంట్లీ నీలం నలభై రెండు,
ఓడిల్ మెరూన్ ముప్ఫై అయిదు.
జెండాలు తక్కువైనా ఓడిల్ వాళ్లకు
అక్షరాలు జానెడు ఎక్కువ ఉండాలి.
బ్రాంట్లీ వాళ్లు సంవత్సరం ఒక్కటీ చాలంటారు.
కలిగినవాడి క్లుప్తత
అదో రకం డాబు.

మొన్న అక్టోబరులో బ్రాంట్లీ వ్యాను వచ్చి ఆగింది.
ఆరేళ్ల కిందట నేను కుట్టిన జెండా
దుప్పటిలా మడిచి బల్ల మీద పెట్టారు.
ఎవరో కుర్రాడికి ఎవరో కారు కొనిచ్చారట,
ఎవరి పరీక్షో ఎవరో రాశారట,
పైనున్న కమిటీ ఆ ఏడాది గెలుపులన్నీ కొట్టేసిందట.
"అంకెలు విప్పెయ్యండి. గుడ్డ గట్టిదే,
ముందుముందు పనికొస్తుంది."
పరువు పోయినా పొదుపు పోలేదు.

మూడు రాత్రులు బ్లేడుతో ఒక్కొక్క పోగూ తెంపాను.
నేను వేసిన కుట్టు నాకే లొంగలేదు.
నాలుగో రోజు పొద్దున కిటికీ దగ్గర పరిచి చూస్తే
పడమటి ఎండకు జెండా అంతా వెలిసిపోయింది,
అంకెలున్న చోట మాత్రం
దుకాణం నుంచి ఇప్పుడే తెచ్చినంత ముదురు నీలం.
తెల్లగుడ్డ ఊడదీశాను,
సంవత్సరం అక్కడే ఉంది.

ఎవరు చెప్పారో, ఆ సాయంత్రం ఓర్విన్ వచ్చాడు.
కలప లారీ బయట ఆపి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని,
"చూడొచ్చా?" అన్నాడు.
ఆ ఏడు ఫైనల్లో ఓడిల్ తరఫున
ఆఖరి ఫ్రీ త్రో వేసింది అతనే.
రిమ్ము చుట్టూ ఒకటిన్నర తిరుగుడు తిరిగి
బంతి బయటికి పడింది.
ఒక్క పాయింటు.

"వాళ్ల గెలుపు కొట్టేశారు గానీ
మా ఓటమి మాత్రం పుస్తకంలో ఉంచారు, తెలుసా?
రూలు అంతేనట.
ఎవరూ గెలవని ఆటలో నేను ఓడిపోయాను."
నవ్వుదామని చూశాడు, కుదరలేదు.
ముదురు నీలం మీద వేలితో
తొమ్మిది అంకె మెలిక వెంట వెళ్లి
మొదలైన చోటికే వచ్చాడు.
నేను సూదుల డబ్బా సర్దుతున్నట్టు నటించాను.

ఆ గుడ్డ తిరిగి పంపలేదు.
నా డబ్బుతో ఆరు గజాల కొత్త నీలం కొని
అదే ఇదని ఇచ్చేశాను.
పద్దు పుస్తకంలో ఎక్కడ రాయాలో తెలియక వదిలేశాను.

ఈ మార్చిలోనూ పెన్సిళ్లు బయటికొచ్చాయి.
డెల్మర్ రుమాలు వైపు చూస్తూ, గొంతు తగ్గించి,
"ఆరు" అన్నాడు.

"ఏడు" అన్నాడు ఓర్విన్
చక్కెర కలుపుకుంటూ.